గండికోట: కట్టడములు, ఏలుబడులు

జమ్మలమడుగునుండి పడమరగా తొమ్మిది మైళ్లు పోయినచో పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా చీల్చుకొని పారుచోటు వచ్చును. నది ఒరసికొని పోయిన ఆ చీలికను ఈ సీమలో గండి అందురు. గండిమీద కట్టిన కోట గనుక అది గండికోట. ఈ పేరు పెట్టినవారెవరో గాని బిరుదుల జోలికి పోలేదు. అందులో రాజు పేరు లేదు, రాణి పేరు లేదు. ఉన్న స్థలమును ఉన్నట్లు చెప్పి ఊరకుండిరి.

కోటను చూడబోయినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. దీనిని ఎవరు కట్టించిరి? ఎవరు పట్టుకొనిరి? ఈ రెండింటికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. ఏలువాడు రాతిమీద రాయి ఎందులకు పేర్చును? శత్రువును ఆపుటకు అని చెప్పి తప్పించుకొనవచ్చును. కాని గండికోటలోని కట్టడములను ఒక్కొక్కటిగా తరచి చూచినయెడల ఆ సమాధానము చాలదని తోచును. గోడ శత్రువును ఆపును. గోపురము ఎవరిని ఆపును? ధాన్యపుకొట్టు ఎవరికొరకు? ఇవియన్నియు ఒకే కొండమీద, ఒకదానికొకటి కేకవేటు దూరమున ఎందులకున్నవి?

కోటలకంటె ముందటి కాలమునుండి కథ నారంభింపవలెను. ప్రొద్దుటూరునకు సమీపమున, ఎర్రగుంట్ల దాపున, కలమళ్ల అను గ్రామము కలదు. అచ్చటి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయపు ఆవరణలో ఒక శాసనస్తంభము నిలిచియున్నది. రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనమది. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితులు నిర్ణయించిరి. ఇంతవరకు దొరకిన పూర్తి తెలుగు శాసనములలో మొదటిది అదియే. అక్షరములు కొన్ని శిథిలమైనవి. అయినను మనకు కావలసిన విషయము స్పష్టముగనే తెలియుచున్నది. ఆనాటి ప్రభువులు, పండితులు రాతిపై సంస్కృతమునో ప్రాకృతమునో చెక్కించుచుండిరి. రేనాటిని ఏలు ఈ రాజు మాత్రము తన మాట ఊరివారికి తెలియవలెనని ఊరి భాషలో చెక్కించెను. ప్రభువు మాట ఇంటింటికి చేర్చుటకు ఆనాడు రేడియో లేదు. ఊరి నడుమ పాతిన రాయి ఉన్నది. రేనాడును ఏడువేల గ్రామముల నాడని చెప్పుకొనిరి. అంత నాటిని ఏలినవారి గుర్తుగా నేడు మనకు దక్కినవి ఇట్టి కొన్ని రాళ్లు, రాగిరేకులు మాత్రమే. వారి నగళ్లు ఎక్కడనో మట్టిలో కలిసిపోయినవి.

జమ్మలమడుగు దాపుననే, పెన్న ఒడ్డున, దానవులపాడు అను జైనక్షేత్రమొకటి కలదు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు, నిత్యవర్షుడను బిరుదు గలవాడు, పదవ శతాబ్దపు మొదటి భాగమున శాంతినాథ తీర్థంకరుని అభిషేకమునకై ఒక శిలాపీఠమును చేయించెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. ఎక్కడి మాన్యఖేటము! ఎక్కడి దానవులపాడు! వందల మైళ్ల దూరమున కూర్చున్న చక్రవర్తి ఈ యేటియొడ్డున తన పేరు నిలుపుటకు కోట కట్టలేదు. దేవుని నీళ్లాడించు పీట నొకదానిని చేయించెను. తరువాత నది ఇసుక మేటవేసి ఆ గుడులను కప్పివేసెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున పురాతత్త్వశాఖవారు త్రవ్వి తీసిన తరువాతనే లోకమునకు వాని సంగతి తెలిసినది.

ఇక కొండ ఎక్కుదము. కల్యాణి చాళుక్యుల సామంతుడైన కాకరాజు 1123లో ఇచ్చట మొదటి కోట నారంభించెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి. మనకు నేడు కనబడు ప్రాకారములలో అధికభాగము అంతకు చాల తరువాతిది. విజయనగరపు కాలమునను, ఆ వెనుకను, పెమ్మసాని నాయకుల ఏలుబడిలో పెరిగినది. విజయనగర శాసనములలో ఈ ప్రాంతమునకు గండికోట సీమ అని పేరు. అది ఉదయగిరి రాజ్యములో చేరియుండెను. నేడు పులివెందుల అని మనమనుకొను ప్రాంతము కూడ ఆ సీమలోనిదే. కోట పేరు నాటికంతటికిని పేరైనదన్న మాట. పన్ను కట్టు రైతు ఆ కొండను కంటితో చూడకపోయినను, తన పొలము గండికోట సీమలో నున్నదని దస్తావేజులో వ్రాయించుకొనవలసినదే.

ఈ కోటకు ప్రకృతి సగము కూలి చేసిపెట్టినది. ఉత్తరమున పెన్న లోయ సుమారు మూడువందల అడుగుల లోతు. ఆ వైపు గోడతో పనియే లేదు. మిగిలిన వైపుల ఎర్రని ఇసుకరాతిని చెక్కి, పొందికగా పేర్చి, బురుజులతో ప్రాకారము కట్టిరి. చుట్టుకొలత అయిదు మైళ్లని అందురు. రాయి కొండమీదనే దొరకినది. కొండను చెక్కి కొండమీదనే గోడగా నిలిపిరి గనుక దూరమునుండి చూచువానికి ఎక్కడ కొండ ముగిసినదో, ఎక్కడ గోడ మొదలైనదో తెలియదు. ఇది కట్టినవారి నేర్పు అనుటకంటె పొదుపు అనుట మేలు. ఆ పొదుపు ఫలితము మాత్రము నేర్పుకంటె మిన్న. ఇక్కడ ఏలుచున్నది నాయకుడా, కొండయా అను భ్రమను చూపరిలో కలిగించుటకంటె ఏ ప్రభువునకైన కావలసినదేమి?

కోటలోపల రెండు పెద్ద ఆలయములున్నవి. ఒకటి రంగనాథునిది, మరియొకటి మాధవరాయనిది. మాధవరాయ ఆలయపు గోపురము ఎత్తైన రాతి అధిష్ఠానముపై అంతస్తులంతస్తులుగా లేచినది. విజయనగర కాలపు గోపురములన్నిటివలె దీనికి క్రిందిభాగము రాయి, పైభాగము ఇటుక, సున్నము. గోపురముతో నిశ్చయముగా పూజకు అవసరము లేదు. దేవుడు గర్భాలయపు చీకటిలో చిన్న గదిలో నున్నాడు. గోపురము దూరపువాని కొరకు. మైలు దూరమున దుక్కి దున్నుచున్నవాడు తలయెత్తినచో కనబడవలెను. కనబడినప్పుడెల్ల అతనికి దేవుడు జ్ఞాపకమునకు వచ్చును. ఆ దేవునికి అంత గోపురము కట్టించిన నాయకుడు కూడ జ్ఞాపకమునకు వచ్చును. భక్తి లేదని నేను అనుట లేదు. ఆ కాలపు ప్రభువులకు భక్తియు ప్రభుత్వమును వేరువేరు గదులలో నుండలేదు.

పెమ్మసానివారు విజయనగర చక్రవర్తుల క్రింద పేరుపడిన సేనానాయకులు. 1565లో విజయనగరము పాడైన తరువాత చక్రవర్తి పెనుకొండకును, పిదప చంద్రగిరికిని తరలిపోయెను. పైవాని బలము తగ్గినకొలది గండికోట నాయకునకు తన కొండయే దిక్కైనది. పదునేడవ శతాబ్దపు నడుమ గోలకొండ కుతుబ్ షాహీ సుల్తాను మంత్రియగు మీర్ జుమ్లా సేనలతో కర్ణాటకమునకు దిగి, చినతిమ్మానాయుని కాలమున గండికోటను స్వాధీనపరచుకొనెను. మీర్ జుమ్లా పారసీక దేశమునుండి వచ్చినవాడు; వజ్రముల వర్తకముతో ధనవంతుడై మంత్రిపదవి నందుకొనినవాడు. వర్తకుని లెక్క, సేనాని సాహసము ఒకే మనిషిలో కలిసినప్పుడు ఎదుటివానికి కష్టకాలమని చెప్పవచ్చును.

1652లో తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూచెను. సుల్తానుకు అమ్మదలచిన ముత్యములను, మణులను మొదట ఈ మంత్రికి చూపనిదే గోలకొండలో బేరము సాగదు. తవెర్నియే కొండదారిని వర్ణించినాడు. ఒకప్రక్క కొండ, ఒకప్రక్క అగాధము, దాని అడుగున నది. దారి కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే. కొండమీదికి చేరినచో బల్లపరుపుగా నేల, ఊటనీటితో సాగగు వరియు చిరుధాన్యములును. కోటలోపలనే పంట పండునని అతడు గమనించుట విశేషము. వర్తకుని చూపు గదా!

అతడు చెప్పిన మరియొక కథ మన విషయమునకు సూటిగా సంబంధించినది. మీర్ జుమ్లాకు ఫిరంగులు కావలసివచ్చినవి. నలువదియెనిమిది పౌనుల గుండు వేయునవి పది, ఇరువదినాలుగు పౌనుల గుండు వేయునవి పది పోతపోయించవలెనని తలంచి, క్లోద్ మాయే అను ఫ్రెంచివానిని పనిలో పెట్టెను. లోహమునకై చుట్టుప్రక్కల దేవాలయముల విగ్రహములను తెప్పించెను. గండికోట ఆలయములోని ఆరు పెద్ద రాగివిగ్రహములు మాత్రము ఎంత నిప్పు పెట్టినను కరగలేదట. పూజారులు మంత్రము వేసిరని మాయే మొరపెట్టుకొనెనట. తుదకు ఒక్క ఫిరంగియు సరిగా కుదరక, పోసినవి పగిలి, మాయే కొలువు విడిచిపోయెను. తవెర్నియే కథలు చెప్పుటలో చేయి తిరిగినవాడు గనుక కరగని విగ్రహముల మాట ఎవరి నమ్మకమునకు తగినట్లు వారు తీసికొనవచ్చును. పెద్దపోత పోయుటకు కొలిమియు నేర్పును చాలలేదని లోహకారుడు చెప్పును. ఇంతమాత్రము నిజము: ఒక ఏలుబడి తన వైభవమును విగ్రహముగా పోతపోసికొనగా, దాని తరువాతి ఏలుబడి ఆ లోహమునే తన బలముగా మార్చుకొనజూచినది. గోపురమును కరగింపలేరు గనుక అది నిలిచినది.

గోలకొండ ఏలుబడి కొండమీద తన కట్టడములను నిలిపినది. వానిలో జామియా మసీదు చూడదగినది. దానికి చేరువనే ధాన్యాగారము కలదు. ఈ రెండింటిని మాధవరాయ ఆలయముతో పోల్చి చూచినచో కట్టుబడి విద్యలోని భేదము చిన్నపిల్లలకు కూడ తెలియును. ఆలయ మండపమున స్తంభములమీద రాతిదూలములు పరచి, వానిపై పలకలు కప్పిరి. రాయి బరువును మోయగలదు గాని వంపునకు ఓర్వదు. దూలము పొడవు హెచ్చినచో నడుమ బీటలు వారును. కావున కొలది అడుగుల కొక స్తంభము తప్పదు. మండపము స్తంభముల అడవియగును. ఆ స్తంభములను శిల్పములతో నింపి మన శిల్పులు అవసరమును అందముగా మార్చుకొనిరి. కమాను పద్ధతి వేరు. వంపుగా పేర్చిన ఇటుకలు ఒకదానినొకటి నొక్కుకొని నిలుచును. బరువు ప్రక్కలకు జారి మందమైన గోడలలోనికి దిగును. నడుమ స్తంభము లేని విశాలమైన చోటు దొరకును. ప్రార్థనకు వరుసలుగా నిలుచు జనమునకు అట్టి చోటు కావలెను. రాసులుగా పోయు ధాన్యమునకును అట్టిదే కావలెను. అందువలననే మసీదును, ధాన్యపుకొట్టును ఒకే విద్యకు బిడ్డలైనవి.

నా దృష్టిలో గండికోట కట్టడములన్నిటిలో ఏలుబడి గుట్టు విప్పి చెప్పునది ఆ ధాన్యపుకొట్టే. చూపరులు దానిని త్వరగా దాటి లోయను చూడబోవుదురు. కోటను పట్టుటకు ఫిరంగికంటె ఆకలి పెద్ద ఆయుధమని ఆనాటి సేనాపతులకు తెలియును. కోటలో గింజలున్నన్నాళ్లు గోడలకు ప్రాణముండును. ఆ గింజలు ఎక్కడివి? కొండమీది మడులలో పండినవి కొద్ది. మిగిలినవి క్రింద పెన్న ఒడ్డున రైతులు పండించి, పన్నుగా కొలిచి, బండ్లకెత్తి, ఆ ఇరుకుదారిని పైకి చేర్చినవి. నల్లరేగడిలో జొన్న పండించినవాని కండ్లకు ఆ కొట్టు రక్షణగా కనబడెనో, తన కడుపునుండి తీసి దాచిన మూటగా కనబడెనో చెప్పుటకు అతడు శాసనము వేయింపలేదు. రాళ్లు కొట్టిన వడ్డెలు, సున్నము గానుగలాడించిన ఉప్పరులు, చెక్కిన కాసెవారు కూడ తమ పేర్లు మనకు విడువలేదు. ఏ రాజ్యమునకైన కట్టడమనగా ముందు కూలి, తరువాత రాయి.

నీటి సంగతియు అట్టిదే. కోటలో చెరువు కలదు, కోనేళ్లు కలవు. మసీదు దాపున నున్నదానిని కత్తుల కోనేరు అందురు. యుద్ధమునుండి వచ్చినవారు కత్తులు కడుగగా నీరెఱ్ఱబడినదని జనుల కథ. ఎఱ్ఱరాతి కొండపై నీటికి ఎఱుపు పట్టుటకు నెత్తురు అవసరము లేదు గాని, జనులు కోటను గురించి ఏమి తలంచిరో ఆ కథవలన తెలియును.

మీర్ జుమ్లాను తవెర్నియే కలిసికొనినది ఏ మందిరములో అనుకొనుచున్నారు? డేరాలో. ఇంత రాతికోటను చేతబట్టిన మనిషి కొండమీద గుడ్డ డేరా వేయించుకొని, చెప్పులు లేక కూర్చుండి, కాలివ్రేళ్ల సందులలోను, ఎడమచేతి వ్రేళ్ల సందులలోను ఉత్తరములు ఇఱికించుకొని, ఒక్కొక్కటే తీసి చదువుచు, ఇద్దరు వ్రాయసగాండ్రచే జవాబులు వ్రాయించుచుండెను. నేరస్థులను తెచ్చి ఎదుట నిలిపినను అరగంటసేపు తలయెత్తక వ్రాత సాగించి, తరువాత ఘోరమైన శిక్షలు చెప్పెనని తవెర్నియే వ్రాసెను. కోటయొక్క అధికారము గోడలలో నున్నదని మనమనుకొందుము. ఆనాడది ఆ కాలివ్రేళ్ల సందులలోని కాగితములలో నున్నది.

గోలకొండ తరువాత కోట మొగలాయీలకు, కడప నవాబులకు, మైసూరు హైదరాలీకి, టిప్పు సుల్తానునకు చేతులు మారినది. 1791లో మైసూరు యుద్ధములో ఇంగ్లీషువారి సేన దానిని పట్టుకొనెను. ఈ మార్పులలో ఎవరును గండికోటకు గొప్పగా కూర్చినది లేదు. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి వదలివేసెను. దత్తమండలములు అను పేరు అప్పుడు వచ్చినది. ఇచ్చివేసిన వస్తువునకు పెట్టు పేరు మనుష్యులుండు నేలకు పెట్టినారని నొచ్చుకొని, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకొనువరకు అదియే నిలిచినది.

కంపెనీ ఇచ్చటికి పంపిన ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు ఈ మండలములు అతని చేతిలో నుండెను. అతడును డేరాలోనే నివసించెను. నూటయేబది యేండ్ల వెనుక మీర్ జుమ్లా డేరాతో దీనిని పోల్చకుండ ఉండలేము. అదే కాలమున కలకత్తాలో గవర్నరు జనరలు వెల్లెస్లీ తనకై రాజభవనము కట్టించుచుండెను. 1799లో మొదలుపెట్టి 1803కు ముగించిన ఆ భవనపు వ్యయమును చూచి లండనులోని కంపెనీ డైరెక్టర్లు మండిపడిరి. హిందూదేశమును నగరినుండి ఏలవలెను గాని అంగడినుండి కాదని వెల్లెస్లీ పక్షమువారి వాదము. మన్రో నగరు కట్టలేదు, అంగడి తెరువలేదు. ఊరూర డేరా వేసి రైతులను పిలిపించి భూమిని కొలిపించెను. 1802 మొదలు 1806 వరకు సాగిన ఆ సర్వేలో కొలతగొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు చదరము నలువదియైనచో ఒక ఎకరము. మనము నేటికిని ఎకరమునకు నలువది గుంటలని చెప్పుకొను లెక్క అదియే. ప్రతి చేనికి కొలత, ప్రతి కొలతకు శిస్తు, ప్రతి శిస్తునకు ఒక రైతు పేరు. కోటపేరుతో సీమను పిలుచు కాలము అక్కడితో ముగిసినది.

ఈ పనికి అడ్డుగా నిలిచినవారు పాలెగాండ్రు. దత్తమండలములలో వారు ఎనుబదిమంది వరకు నుండిరి. వారి వెంట ఆయుధములు పట్టినవారు ముప్పదివేలని లెక్క. ప్రతి పాలెగానికిని ఒక కోటో, గడియో, కనీసము ముండ్లకంచె చుట్టిన మట్టిబురుజో ఉండెను. మన్రో వారి ఆయుధములను లాగికొని, బలములను చెదరగొట్టి, లొంగినవారికి పింఛనులు కట్టెను. కోటలు ఇట్లు ఒక తరములో నిరర్థకములైనవి. గండికోట గోడను ఎవరును ఫిరంగితో కూల్చనక్కరలేకపోయినది. దాని ధాన్యపుకొట్టులోనికి పోవు గింజలు కొలతగొలుసు వెంట నాణెములై తాలూకా ఖజానాకు మరలినవి. ధాన్యము ఆగగనే కోటకు ప్రాణము పోయినది.

పింఛను పుచ్చుకొనువాని మనస్సులో కోట ఎంతకాలము మిగులునో చూపుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుటుంబమునకు కంపెనీ ఇచ్చిన నెల పింఛనులో అతని వంతు పదునొకండు రూపాయల పదియణాల ఎనిమిది పైసలు. నొస్సము జమీదారులగు మాతామహుల పింఛను ఆగిపోయి, పాతమాన్యములు పోయిన రైతులును, కట్టుబళ్లును తోడుకాగా, 1846లో అతడు తిరుగబడి కోయిలకుంట్ల ఖజానాపై పడెను. కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోనిదే. అతడు ముట్టడించినది కోటను కాదు, ఖజానాను. అధికారము ఎక్కడికి మారినదో అతడు సరిగనే గుర్తించెను. 1847 ఫిబ్రవరి 22న అతనిని ఉరితీసిరి. అతని తలను కోయిలకుంట్ల కోటపై వ్రేలాడగట్టి 1877 వరకు అట్లే ఉంచిరి. కోటలతో పనిలేదనిన ప్రభుత్వమునకు ఈ ఒక్క పనికి మాత్రము పాతకోట గోడ అక్కరకు వచ్చినది. ముప్పదియేండ్లపాటు ఆ దారిని పోయినవారందరును తలయెత్తి చూడవలసి వచ్చెను. గోపురమును చూచుటకు ఎత్తిన తలయే.

తరువాతి కాలపు ఏలుబడికి కొండలతో పనిలేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులలో తాలూకా కచేరీలు వెలసినవి. మందపుగోడ, వరండా, ఇనుపచువ్వల ఖజానాగది, వెలుపల చెట్టుక్రింద అర్జీలు వ్రాయువారు. ఇంతకంటె ఆ కట్టడములలో వర్ణింపదగినది లేదు. వరండాలో నిలబెట్టి గంటలతరబడి వేచియుండజేయుట ఒక్కటే ఆ కట్టడపు ముఖ్యశిల్పము. ప్రొద్దుటూరు దారి వేరు. ఆ పేరు చెప్పగనే కోట గాని కచేరి గాని మనస్సునకు రాదు. బంగారపు అంగళ్లు వచ్చును. 1915లో పురపాలకసంఘమేర్పడిన ఆ పట్టణపు వర్తకులు తమ పలుకుబడిని బురుజులలో గాక కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలో, దసరా అలంకారములలో చూపుకొనిరి. ప్రభువు కట్టించిన గోపురము దూరమునుండి చూచుటకు. వర్తకులు కట్టించిన శాల లోపలికి వచ్చుటకు.

పులివెందుల వైపు, వేంపల్లె దాపున, పాపఘ్నీనది కొండను చీల్చుకొని వచ్చుచోట మరియొక గండి కలదు. అచ్చట కోట లేదు. ఆంజనేయస్వామి కోవెల కలదు. శ్రీరాముడు మరలివచ్చునప్పుడు స్వాగతముగా రెండు కొండలనడుమ వాయుదేవుడు బంగారుతోరణము కట్టెనని స్థలకథ. పుణ్యాత్ములకు, అందులోను మరణము సమీపించినవారికి, ఆ తోరణము కనబడునట. మన్రో ఆ దారిని పోవుచు తోరణమును చూచెననియు, అందువలననే త్వరలో గతించెననియు సీమలో చెప్పుకొందురు. అతడు 1827లో పత్తికొండలో విశూచివ్యాధితో మరణించినమాట చరిత్ర. తక్కినది జనులు కట్టినది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టినవారు కూడ ఈ సీమలో నుండిరి. డేరాలో బ్రదికి ఒక్క గుమ్మమైనను కట్టించుకొనని దొరకు ఊరివారు తామే ఒక బంగారుగుమ్మము కట్టి యిచ్చిరి. ఏ నాయకుడును తన ఖర్చుతో అట్టి కట్టడమును సంపాదింపలేదు. అది నిజముగా ప్రేమయా, శిస్తు కొంత తగ్గించినవానిపట్ల కృతజ్ఞతయా, లేక దొరకును చావు తప్పదని చెప్పుకొను తృప్తియా అని అడిగినచో, మూడును కొంచెము కొంచెము ఉండునని నాకు తోచును.

మన కాలపు ఏలుబడి పెన్నకు అడ్డముగా ఆనకట్టలు కట్టినది. దిగువన మైలవరము జలాశయము. గండికోట పేరుతోనే 26.85 శతకోటి ఘనపుటడుగుల సామర్థ్యము గల మరియొక జలాశయము. అచ్చటినుండి నీటిని ఎత్తిపోసి చిత్రావతి జలాశయమునకు చేర్చి పులివెందుల ప్రాంతపు పొలములకు పంపుచున్నారు. పూర్వము గండికోట సీమలోని గింజలు కొండమీదికి ఎక్కినవి; నేడు గండికోట నీరు ఆ సీమకు పోవుచున్నది. వానలేని పులివెందుల మెట్టకు ఆ నీరు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. చీనీతోటల రైతునడిగినచో చెప్పును. 2020లో జలాశయమును నింపదొడగినప్పుడు కొండాపురము ప్రాంతపు గ్రామములు మునకకు లోనైనవి. తాళ్లప్రొద్దుటూరులో ఇండ్లలోనికి నీరు వచ్చుచుండగా, పరిహారమును, క్రొత్తయిండ్లకు గడువును కోరుచు జనులు వీధిలో కూర్చుండిరి. కొందరు తమ యిండ్ల తలుపులు, కిటికీలు, దూలములు విప్పుకొని బండ్లపై తీసికొనిపోయిరి. గండికోట గోపురమునకు గాని, ధాన్యపుకొట్టునకు గాని ఆ నీటివలన ముప్పు లేదు. అవి కొండపై నున్నవి. కోటలోపల, గోడల నడుమ, గండికోట అను ఊరు నేటికిని ఉన్నది.